సముద్రం వంద కిలోమీటర్ల దూరం.. ముప్పు మాత్రం పాతాళగంగ మెట్ల కిందే! తర్లుపాడు జనం బోటెక్కే ముందు అడగాల్సిందేంటి?

బంగాళాఖాతంలో అల్పపీడనం.. టీవీ స్క్రీన్ కింద ఈ స్క్రోలింగ్ కనిపించగానే తర్లుపాడులో జనం ఆకాశం వైపు చూస్తారు. కంది, మిరప, బోర్ల మీద ఆధారపడ్డ పొలాలు.. నాలుగు మంచి వానలు పడితే చాలనుకునే ప్రాంతం అది. అదే స్క్రోలింగ్ కొత్తపట్నం తీరంలో కనిపిస్తే బోట్లు ఒడ్డుకు లాగుతారు, వలలు సర్దుతారు, వేటకు వెళ్లినవాళ్లకు ఫోన్లు కలుస్తున్నాయా లేదా అని చూస్తారు. ఒకే కబురు, రెండు ఊళ్లలో రెండు అర్థాలు.

మరి సముద్రానికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మెట్ట ఊళ్లకు బోటు భద్రతతో పనేంటి? పని ఉంది. ఇంకా చెప్పాలంటే తీరంలో పుట్టినవాళ్ల కంటే వీళ్లకే ఎక్కువ పని ఉంది. మత్స్యకారుడికి నీళ్లు తెలుసు, గాలి తెలుసు, ఈత వచ్చు. ఏడాదిలో ఒక్కసారి, అదీ కార్తీకంలోనో శివరాత్రికో, పిల్లాపాపలతో బోటు ఎక్కే మెట్ట ప్రాంతం మనిషికి వీటిలో ఏదీ ఉండదు.

శ్రీశైలానికి దగ్గరి రైల్వే స్టేషన్ మార్కాపురం రోడ్డు. అదే గుంటూరు-నంద్యాల లైన్లో ఉంటుంది తర్లుపాడు. మార్కాపురం నుంచి పెద్దదోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కితే మల్లన్న దర్శనం, ఆ తర్వాత పాతాళగంగ. అక్కడి నుంచి అక్కమహాదేవి గుహలకు బోటులో వెళ్లాలి. అంటే పశ్చిమ ప్రకాశం జనానికి నీటి ప్రయాణం ఎక్కడో విశాఖలోనో గోవాలోనో లేదు. ఒక్క పూట ప్రయాణంలో ఉంది. పైగా అది చిన్న చెరువు కాదు. 885 అడుగుల పూర్తి స్థాయి నీటిమట్టం ఉన్న రిజర్వాయర్. చుట్టూ కొండలు, మధ్యలో ఇరుకు లోయలు. గాలి దిశ మారితే అలలు లేచే చోటు.

ఒంగోలు మర్చిపోని ఆదివారం

2017 నవంబర్ 12. కార్తీకమాసం, ఆదివారం. ఒంగోలు నుంచి వాకర్స్ క్లబ్ సభ్యులు కుటుంబాలతో కలిసి విజయవాడ వెళ్లారు. సాయంత్రం ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమంలో హారతి చూడాలన్నది ప్లాన్. బోటు ఎక్కారు. ఫెర్రీ రేవుకు కాస్త దూరంలో ఉండగానే బోటు తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ప్రకాశం జిల్లాలో సముద్రం ఉంది, కానీ జిల్లా వాసుల్ని అంత పెద్ద సంఖ్యలో ఒకేసారి పొట్టన పెట్టుకున్నది కృష్ణా నది.

తర్వాత బయటపడ్డ విషయాలు చూస్తే గుండె మండుతుంది. ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఆ బోటుకు లేదు. ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. రేవు కనిపిస్తోంది, ఒడ్డున జనం ఉన్నారు, పట్టపగలు వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. తుఫాను లేదు, నడిసముద్రం కాదు. అయినా అంతమంది పోయారు.

ఆరు నెలలు తిరిగాయో లేదో, 2018 మే 15న గోదావరిలో దేవీపట్నం మండలం మంటూరు దగ్గర లాంచీ మునిగింది. సాయంత్రం గాలివాన. వాన లోపలికి కొడుతోందని తలుపులు, కిటికీలు మూశారు. ఆ మూసిన తలుపులే లోపలివాళ్ల పాలిట శాపమయ్యాయి. దాదాపు 20 మంది మరణించారు, చాలామంది కొండ గ్రామాల గిరిజనులు. అంతకు నాలుగు రోజుల ముందే అదే ప్రాంతంలో ఓ టూరిస్టు బోటుకు మంటలు అంటుకున్నాయి. అదృష్టం కొద్దీ ఆ రోజు ప్రయాణికులంతా బయటపడ్డారు. నాలుగు రోజుల ముందు మోగిన గంట అది. ఎవరికీ వినపడలేదు.

ఇక 2019 సెప్టెంబర్ 15 కచ్చులూరు. రెండు తెలుగు రాష్ట్రాలనూ కుదిపేసిన ప్రమాదం. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల స్థాయిలో వరద ఉంది. పాపికొండల టూర్‌కు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటులో 77 మంది ఉన్నారు. మలుపు దగ్గర బోటు ఒరిగింది. పైఅంతస్తులో ఉన్నవాళ్లు ఒక్కసారిగా ఒక పక్కకు జారారు. 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. లైఫ్ జాకెట్లు ఉన్నాయి, కానీ చాలామంది భోజనం వేళకు తీసేశారని బయటపడ్డవాళ్లు చెప్పారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న ఆ బోటును పైకి తీసేదాకా, రోజుల తరబడి అన్ని ఛానళ్లూ గోదావరి ఒడ్డునే ఉన్నాయి.

అనుమతి లేకపోవడం, జాకెట్ లేకపోవడం, మూసిన తలుపులు, వరదలో ప్రయాణం, తీసేసిన జాకెట్లు. ఈ మూడు ప్రమాదాల్లో కనిపించే తప్పుల్లో ఒక్కటి కూడా నది చేసింది కాదు. ఒడ్డున ఎవరో ఒకరు "ఈ బోటు ఇప్పుడు కదలదు" అని గట్టిగా చెప్పి ఉంటే ఆగిపోయేవే.

అదే ప్రశ్నను నడిసముద్రంలో అడిగితే?

సరిగ్గా కృష్ణా ప్రమాదం జరిగిన రోజుల్లోనే మన నేవీకి చెందిన ఆరుగురు మహిళలు ఓ చిన్న తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టేస్తున్నారు. పడవ పేరు ఐఎన్ఎస్‌వీ తారిణి. పొడవు దాదాపు 17 మీటర్లు, అంటే ఒక ఆర్టీసీ బస్సుకు ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. 254 రోజులు, 21 వేల నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణం. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువాళ్లు. విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి. కెప్టెన్ ఉత్తరాఖండ్‌కు చెందిన వర్తికా జోషి.

దక్షిణ పసిఫిక్‌లో వాళ్లకు గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలులు తగిలాయి. రెండు మూడంతస్తుల ఇల్లంత అలలు వచ్చాయి. దక్షిణ అమెరికా కొనలో ఉండే కేప్ హార్న్‌ను దాటారు. నావికులకు అది ఎంత భయపెట్టే చోటో చెప్పాలంటే, దాన్ని దాటినవాళ్లను లోకం వేరుగా చూస్తుంది. తిరుగు ప్రయాణంలో హిందూ మహాసముద్రంలో పడవ స్టీరింగ్ దెబ్బతింది. మారిషస్‌లో ఆగాలని ప్లాన్‌లో లేదు, అయినా ఆగారు. బాగు చేసుకున్నాకే కదిలారు. ఆరుగురూ క్షేమంగా ఇంటికొచ్చారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. ఇన్ని నెలల ప్రయాణంలో గెలుపు రికార్డు కోసం పరుగెత్తి ఉంటే ఆ స్టీరింగ్‌తోనే గోవా దాకా నెట్టుకొచ్చేవాళ్లు. ఆగడం కూడా ప్లాన్‌లో భాగమే అనుకున్నారు కాబట్టే ఆగారు. మన టూరిస్టు బోట్లకు లేనిది సరిగ్గా ఇదే. టికెట్లు అమ్మేశాక, జనం ఎక్కేశాక, మబ్బు పట్టిందని వెనక్కి తిప్పే సరంగు ఎంతమంది? తిప్పితే ఆ రోజు కూలీ ఎవరిస్తారు? ఓనర్ ఏమంటాడు? ప్రయాణికులే గొడవ చేయరా? సరంగును ఒక్కణ్ణే తప్పు పట్టి లాభం లేదు. ఆగినందుకు నష్టపోయే పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ ఆగరు.

తారిణి సిబ్బంది బయల్దేరక ముందు చేసిన కసరత్తు చూడండి. ఒకటి కాదు రెండు కాదు, దాదాపు మూడేళ్ల శిక్షణ. గోవాలో కెప్టెన్ దిలీప్ దోండే దగ్గర నేర్చుకున్నారు. తెరచాప పడవలో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన తొలి భారతీయుడు ఆయన. ఆ తర్వాత పాత పడవ మాదేయ్ మీద విశాఖకు వెళ్లొచ్చారు, మారిషస్ వెళ్లొచ్చారు, దక్షిణాఫ్రికా దాకా వెళ్లారు. వాతావరణం చదవడం, రేడియో వాడటం, ఇంజిన్ విప్పి బిగించడం, తెరచాప చిరిగితే కుట్టడం.. డాక్టర్ దొరకని చోట గాయానికి కట్టు కట్టడం దాకా అన్నీ ముందే. నేవీ ఇదే పడవను 2024 అక్టోబర్‌లో మళ్లీ పంపింది. ఈసారి ఇద్దరే మహిళా అధికారులు, దిల్నా, రూపా. 2025 మే నెలాఖరులో తిరిగొచ్చారు.

ఆరుగురి కోసం అంత ఖర్చు, అంత శిక్షణ పెట్టగలిగేది నేవీ, అదే పాతాళగంగలో బోటు తిప్పేవాడికి సాధ్యమా అని అడగొచ్చు. నిజమే, సాధ్యం కాదు. కానీ వాళ్ల జాగ్రత్తల్లో చాలావాటికి డబ్బు కంటే అలవాటే ఎక్కువ అవసరం.

70 గంటలు కదలలేక..

కేరళకు చెందిన నేవీ కమాండర్ అభిలాష్ టోమీ కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2018 గోల్డెన్ గ్లోబ్ రేసులో ఆయన ఒంటరిగా పాల్గొన్నారు. ఆ రేసు రూల్ ఏంటంటే, 1968లో ఉన్న పరికరాలే వాడాలి. జీపీఎస్ ఉండదు, కాగితం మ్యాపులు, నక్షత్రాలు చూసి లెక్కగట్టడమే. సెప్టెంబర్ 21న హిందూ మహాసముద్రం దక్షిణాన, ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు దాదాపు 1,900 నాటికల్ మైళ్ల దూరంలో తుఫాను ఆయన పడవను తలకిందులు చేసింది. తెరచాప కొయ్య విరిగింది. వెన్నుకు తీవ్ర గాయం. లేచి నిలబడలేని పరిస్థితి.

అంత పెద్ద సముద్రంలో ఆయన్ను కాపాడింది అదృష్టం ఒక్కటే కాదు. అత్యవసర సిగ్నల్ పంపే బీకన్, శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరం. పడవ ఎక్కడుందో అందరికీ తెలిసింది. భారత నేవీ విమానం పైనుంచి చూసింది, ఆస్ట్రేలియా సమన్వయం చేసింది, ఫ్రాన్స్‌కు చెందిన ఒసిరిస్ అనే నౌక సెప్టెంబర్ 24న ఆయన దగ్గరికి చేరింది. ప్రమాదానికీ సాయానికీ మధ్య మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆయన తన పడవలోనే ఉన్నారు. మళ్లీ 2022 రేసుకు వెళ్లి, 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో పూర్తి చేశారు.

పడవలోనే ఉండిపోవడం అన్న పాఠం వెనుక ఓ విషాదం ఉంది. 1979 ఆగస్టులో ఇంగ్లండ్, ఐర్లండ్ మధ్య జరిగే ఫాస్ట్‌నెట్ రేసులో 303 పడవలు పాల్గొన్నాయి. మధ్యలో పెనుతుఫాను. 15 మంది రేసర్లు చనిపోయారు. 24 పడవలను సిబ్బంది వదిలేశారు. ఆ తర్వాత తేలిందేంటంటే, మునిగింది ఐదే పడవలు. మిగతావి నీళ్ల మీద తేలుతూనే దొరికాయి. కంగారులో రబ్బరు తెప్పల్లోకి దూకినవాళ్లలో కొందరు పోయారు, వాళ్లు వదిలేసిన పడవలు మాత్రం నిలబడ్డాయి. పడవ నిజంగా మునిగేదాకా దాన్ని వదలొద్దన్న సూత్రం అప్పటి నుంచి మరింత గట్టిపడింది. రేసుల్లో పాల్గొనే పడవలకు ఏ పరికరాలు తప్పనిసరి అన్న నిబంధనలు కూడా ఆ తర్వాతే కఠినమయ్యాయి.

అయితే ఓ తేడా గుర్తుంచుకోవాలి. ఈ సూత్రం మూతలున్న, తలకిందులైనా మళ్లీ లేచే సముద్రపు పడవలకు. పైఅంతస్తు బరువుతో తిరిగే టూరిస్టు లాంచీ అలా లేవదు. దానిలో కిటికీలు మూసిన గదిలో కూర్చోవడం అంటే ఏంటో మంటూరు చూపించింది. కచ్చులూరు బోటును పైకి తీసినప్పుడు కూడా లోపల మృతదేహాలు దొరికాయి. కాబట్టి వాన పడుతోందనో ఏసీ చల్లగా ఉందనో తలుపులేసిన గదిలో చేరడం కంటే, బయటకు దారి కనిపించే చోట కూర్చోవడం మేలు.

సొరబుర్ర నుంచి లైఫ్ జాకెట్ దాకా

ఒకప్పుడు పశ్చిమ ప్రకాశం ఊళ్లలో పిల్లలు దిగుడు బావుల్లో ఈత నేర్చుకునేవాళ్లు. వీపుకు ఎండు సొరబుర్రో, బెండ్లో కట్టి పెద్దవాళ్లు బావిలోకి తోసేవాళ్లు. చెప్పాలంటే అదే మన లైఫ్ జాకెట్. బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి. ఇప్పుడు మొబైల్‌లో స్విమ్మింగ్ పూల్ రీల్స్ చూసే పిల్లాడికి నడుము లోతు నీళ్లలో నిలబడటం కూడా కొత్తే. ఇలాంటి పిల్లలే శ్రీశైలంలోనో, సాగర్‌లోనో, చీరాల వైపు బీచుల్లోనో మొదటిసారి లోతు నీళ్లు చూస్తారు.

లైఫ్ జాకెట్లన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. అంతర్జాతీయంగా వీటిని తేల్చే శక్తిని బట్టి 50, 100, 150, 275 న్యూటన్లు అని విడదీస్తారు. 50 రకం ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు దగ్గర, పక్కనే సాయం ఉన్నప్పుడు మాత్రమే. స్పృహ తప్పితే అది మనిషి ముఖాన్ని పైకి తిప్పలేదు. ఈత రానివాళ్లకు కనీసం 100 రకం కావాలి. నడిసముద్రంలో వెళ్లేవాళ్లు 150, అంతకు మించినవి వాడతారు. ఇక పెద్దవాళ్ల జాకెట్ పసిపిల్లలకు వేస్తే నీళ్లలో పడగానే అది పైకి జారిపోయి తల నుంచి ఊడిపోతుంది. పిల్లల సైజు జాకెట్ లేని బోటులో పిల్లలను ఎక్కించకపోవడమే మంచిది. బెల్టులు బిగించని జాకెట్, భుజాన వేసుకున్న కండువా.. నీళ్లలో రెండూ ఒకటే.

సముద్రపు నావికులు జాకెట్‌తో పాటు నడుముకు ఒక తాడు కూడా తగిలించుకుంటారు. ఆ తాడు రెండో కొస పడవకు. ఎందుకంటే పడవ 6 నాట్ల వేగంతో పోతోందనుకుంటే, ఒక మనిషి పడిపోయిన నిమిషానికే అది 180 మీటర్లు దాటిపోతుంది. మూడు మీటర్ల అలల మధ్య ఒక తలకాయ కనిపించదు. వెనక్కి తిరిగి వెతకడం కంటే అసలు పడకుండా చూసుకోవడమే వాళ్ల లెక్క.

ఈ లెక్క మన నదులకూ వర్తిస్తుంది, కాకపోతే ఇంకో రూపంలో. నీళ్లలో ఊపిరాడకపోతే నాలుగు నుంచి ఆరు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎన్డీఆర్ఎఫ్ బృందం ఎంత వేగంగా వచ్చినా ఆ ఆరు నిమిషాల్లో రాలేదు. కచ్చులూరులో ఆ 26 మందిని ముందుగా చేరుకున్నది హెలికాప్టర్ కాదు, నాటుపడవలేసుకుని వచ్చిన చుట్టుపక్కల గిరిజనులు. లైఫ్ జాకెట్ మనిషిని కాపాడదు, ఆ నాటుపడవ వచ్చేదాకా టైమ్ కొనిస్తుంది. అంతే దాని పని. అది చిన్న పనేమీ కాదు.

కంట్రోల్ రూములు వచ్చాయి.. సరే, మరి చివరి మాట ఎవరిది?

కచ్చులూరు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కదిలింది. 2020 జూన్‌లో 9 బోటింగ్ కంట్రోల్ రూములు ప్రారంభించారు. వాటిలో గోదావరి రేవులతో పాటు శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ బెరం పార్క్, విశాఖ రుషికొండ ఉన్నాయి. రెవెన్యూ, పోలీస్, ఇరిగేషన్, టూరిజం సిబ్బంది ఒకే చోట ఉండాలన్నది ఆలోచన. ఆలోచన మంచిది. అప్పటిదాకా ఒక శాఖ మీద ఒక శాఖ నెట్టుకునే పరిస్థితి ఉండేది కాబట్టి ఇది ముందడుగే.

కేంద్రం కూడా 1917 నాటి బ్రిటిష్ కాలపు చట్టాన్ని పక్కనపెట్టి 2021లో కొత్త ఇన్లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది. ఇంజిన్ ఉన్న బోటు అంటే రిజిస్ట్రేషన్, సర్వే, బీమా తప్పనిసరి. నడిపేవాళ్లకు అర్హత సర్టిఫికెట్ ఉండాలి. శతాబ్దం పాటు అదే పాత చట్టంతో నెట్టుకొచ్చిన దేశంలో ఇదో పెద్ద మార్పు.

కానీ చిక్కంతా రేవులో ఉంటుంది. కార్తీక సోమవారం పాతాళగంగ మెట్ల దగ్గర వందల మంది క్యూలో ఉంటారు. ఒక్కో బోటు తొందరగా తిరిగొస్తేనే తర్వాతి ట్రిప్పు. ఇంకో నలుగురిని ఎక్కించుకోమని జనమే బతిమాలతారు. "ఎంత దూరం లెండి, ఇట్టా పోయి అట్టా వచ్చేదే కదా" అనే మాట రేవుల్లో కొత్తేం కాదు. అలాంటప్పుడు బోటు ఆపే అధికారం కాగితం మీద తహసీల్దార్‌కు ఉంటే సరిపోదు. ఆ క్షణంలో రేవులో నిలబడ్డ మనిషికి ఉండాలి, అతను బోటు ఓనర్ జీతగాడై ఉండకూడదు. గాలి పెరిగిందని అతను ట్రిప్పులు ఆపేస్తే సరంగు కూలీ పోకూడదు. ఈ రెండూ జరగనంతకాలం కంట్రోల్ రూమ్ ప్రమాదం తర్వాత ఫోన్లు ఎత్తే గదిగానే మిగిలిపోయే ప్రమాదం ఉంది.

నలుగురు ఎక్కువైతే ఏమవుతుందన్న ప్రశ్నకు సమాధానం బరువు ఒక్కటే కాదు. బరువు ఎక్కడుందన్నది ముఖ్యం. పైఅంతస్తులో నిలబడ్డ పదిమంది, కింద కూర్చున్న ఇరవై మంది కంటే బోటును ఎక్కువ ఊపుతారు. ఏ మొసలో కనిపించిందనో, సెల్ఫీ కోసమో అందరూ ఒక పక్కకు వస్తే బోటు ఒరుగుతుంది. ఒరిగితే మిగతావాళ్లు కూడా అటే జారతారు. ఆ తర్వాత దాన్ని ఆపేది ఏదీ ఉండదు. తెరచాప పడవలకు అడుగున టన్నుల కొద్దీ సీసమో ఇనుమో ఉంటుంది, ఒరిగినా లాగి నిలబెట్టేందుకు. టూరిస్టు బోటు అడుగున అలాంటిదేమీ ఉండదు. అక్కడ ఆ పని ప్రయాణికులే చేయాలి, కదలకుండా కూర్చుని.

వేటకెళ్లే బోట్లది మరో బాధ

ప్రకాశం తీరంలో కొత్తపట్నం, ఈతముక్కల, పాకల వైపు మత్స్యకారులకు బోటు విహారం కాదు, బతుకు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మిగతా రోజుల్లో వెళ్లక తప్పదు. ఒడ్డు నుంచి కొంత దూరం పోయాక సెల్ సిగ్నల్ ఉండదు. వాతావరణం మారిందన్న కబురు అందేది ఎలా?

దీనికి ఇస్రో, కోస్ట్ గార్డ్ కలిసి ఏళ్లుగా వాడుతున్న పరికరం డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. ప్రమాదంలో బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా బోటు ఉన్న చోటు తెలుస్తుంది. పాత పరికరంతో ఓ లోటుండేది. బటన్ నొక్కినవాడికి అవతల ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. 2024 జనవరిలో ఇస్రో తెచ్చిన రెండో తరం పరికరం "మీ సందేశం అందింది" అని తిరిగి జవాబు పంపుతుంది. చీకట్లో, ఇంజిన్ ఆగిన బోటులో కూర్చున్నవాడికి ఆ ఒక్క జవాబు ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తు, గాలి వేగం అంచనాలు రోజూ ఇస్తోంది. సముద్రం లేని హైదరాబాద్ నుంచి సముద్రం మీద నిఘా.. వింతగా ఉన్నా నిజం.

దారి తప్పడం కూడా ప్రమాదమే. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరంలో వేటకు వెళ్లిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు సముద్ర సరిహద్దు దాటి పాకిస్తాన్ చేతికి చిక్కారు. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. ఏడాదికి పైగా జైల్లో గడిపారు. తండేల్ సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలిసిందే. నీళ్ల మీద గీత కనిపించదు, అది తెరమీద చూపించే పరికరం ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి.

ఇక టీవీల్లో తుఫాను రాగానే వినిపించే ఆ ప్రమాద హెచ్చరిక నంబర్ల సంగతి. 3వ నంబరు, 7వ నంబరు, 10వ నంబరు.. పెద్ద నంబరంటే పెద్ద తుఫాను అనుకుంటారు చాలామంది. పూర్తిగా అలా కాదు. 1, 2 నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న ముప్పు గురించి. 3, 4 అంటే రేవుకు, అక్కడున్న ఓడలకు చెడు వాతావరణం ముప్పు. 5, 6, 7 ప్రమాద సంకేతాలు. 8, 9, 10 అతి ప్రమాద సంకేతాలు. 5, 6, 7 మధ్య తేడా తుఫాను బలంలో కాదు, అది తీరం దాటే దిశలో. రేవుకు ఏ పక్క నుంచి దాటుతుంది, లేదా నేరుగా రేవు మీదికే వస్తుందా అన్నది. 8, 9, 10 కూడా అంతే. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ నంబర్లు స్క్రోలింగ్‌లో పరుగెత్తాయి. ఆ గాలుల ప్రభావం జిల్లా లోపలికీ వచ్చింది. తుఫాను రోజుల్లో తీరంలోనే కాదు, లోతట్టు రిజర్వాయర్లలోనూ బోటెక్కకూడదన్న సంగతి చాలామందికి తట్టదు.

రేవులో రెండు నిమిషాలు

మళ్లీ పాతాళగంగ మెట్ల దగ్గరికే వద్దాం. బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు కనిపిస్తోందా, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో రాసి ఉందా అన్నది కళ్లతో చూస్తేనే తెలిసిపోతుంది. ఎక్కే ముందు తలలు లెక్కపెట్టడానికి నిమిషం పట్టదు. జాకెట్ ఇవ్వకపోతే అడగాలి, ఇచ్చినదాని బెల్టులు, జిప్పు సరిగ్గా ఉన్నాయో లాగి చూడాలి, మళ్లీ మెట్ల మీద కాలు పెట్టేదాకా తీయకూడదు. అన్నం తినేటప్పుడైనా, ఫొటో దిగేటప్పుడైనా. చీర కొంగు, దుప్పటి, లూజు షాల్ లాంటివి జాకెట్ లోపలికి దోపుకోవాలి. నీళ్లలో అవి కాళ్లకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్లకైనా కష్టమే. ఫోన్‌ను జిప్ కవర్లో పెట్టుకోవడం పది రూపాయల పని. ఇంట్లో ఉన్నవాళ్లకు ఏ బోటు, ఎంతమంది, ఎన్నింటికి తిరిగొస్తారో ఒక మెసేజ్ పెడితే, ఆలస్యమైనప్పుడు వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకు తెలుస్తుంది. కేప్ హార్న్ దాటిన నావికులు కూడా రోజూ చేసే పని ఇదే, తామెక్కడున్నామో ఒడ్డుకు చెప్పడం.

జనం ఎక్కువ ఎక్కితే దిగిపోవచ్చు. టికెట్ డబ్బులు పోతే పోతాయి. రేవులో కళ్లెదుటే రూల్ తప్పుతుంటే, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం కంటే ముందు 112కు ఫోన్ చేయాలి. సముద్ర తీరంలో అయితే కోస్ట్ గార్డ్ నంబరు 1554.